వంటింటి గోడలో ఇనప గొట్టం

జువ్వలదిన్నె దారిలో కామమ్మ అమ్మేసిన పాత ఇంటిని బాగు చేయించుకుని, రిటైరైన వనజాక్షి టీచరు నెల్లూరు నుంచి వచ్చి చేరింది. ఆవిడకు కాఫీ పిచ్చి. వంటింటి గట్టు మీద పొట్టేలంత ఎస్ప్రెసో మెషిన్ పెట్టించుకుంది. కప్పు కాఫీ దింపితే కప్పున్నర మురికినీళ్లు కింది ట్రేలోకి వదులుతుంది అది. ఆ ట్రే ఎత్తి పారబోయలేక ప్లంబరు మాలకొండయ్యకు కబురు పెట్టింది.

"దీనికో గొట్టం తగిలించి నీళ్లు బయటికి పంపెయ్యి మాలకొండయ్యా. నా నడుం నిలబెట్టినవాడివవుతావు."

మాలకొండయ్య మెషిన్ చుట్టూ తిరిగి చూశాడు. "ఇంత ఇనుము ఒక్క గ్లాసు కాఫీకా అమ్మా?"

"గ్లాసు కాదయ్యా, ఉగ్గుగిన్నెడు."

ఆవిడ నవ్వింది గానీ అతను నవ్వలేదు. మూడేళ్లుగా అతను నవ్వడం ఎవరూ చూడలేదు. అంతకుముందు అన్నదమ్ములిద్దరూ కలిసి పని చేసేవాళ్లు. ఆ సంవత్సరం పనులు దొరక్క తమ్ముడు శివ చేపల వేటకని ఇంజన్ పడవ ఎక్కాడు. పడవ చెక్కలు రెండు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు. కర్మ చేయిద్దామని పెద్దలంటే శివ పెళ్లాం చెంచమ్మ, "శవాన్ని చూపించండి, అప్పుడు తీస్తా బొట్టు" అంది. ఏ పరాయి దేశం జైల్లోనో ఉన్నాడని ఆమె నమ్మకం. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే తడిచేతులతోనే ఎత్తుతుంది. మాలకొండయ్య అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

సింకేమో ఎదురు గోడకుంది, మధ్యలో తలుపు. అక్కడిదాకా లాగితే వాటం చాలదు, నీళ్లు నడవక గొట్టంలోనే నిలిచి కంపు కొడతాయి. నేరుగా బయటికి తీద్దామంటే రెండడుగుల మందం రాతిగోడ. ఎక్కడైనా పాత దారి ఉందేమోనని సుత్తిపిడితో గోడ తట్టుకుంటూ పోయాడు. మెషిన్ కింద, మూలన, గుల్ల చప్పుడైంది. గార ఒలిస్తే ఇనప గొట్టం మూతి కనపడింది. గుడ్డ చుట్టి కొట్టిన చెక్క బిరడా ఉంది దానికి.

బిరడా లాగాడు. మురుగు వాసన లేదు. ఒక్క బొద్దింకా రాలేదు. తడి వల వాసనతో చల్లటి గాలి వచ్చి మొహానికి తగిలింది.

"పాత లైనుందమ్మా" అని బకెట్‌తో నీళ్లు వంచాడు. గొట్టం తీసుకుంది. ఒక గుటక వేసి ఆగింది. మళ్లీ గుటక. పారే నీళ్లకు గుటకలుండవని అతనికి తెలుసు. అయినా వంచుతూనే ఉన్నాడు.

లైను పరీక్షించేటప్పుడు ఒకడు నీళ్లు పోస్తే, రెండోవాడు అవతలి మూతి దగ్గర నిలబడి, నీళ్లు రాగానే గొట్టం మీద రెండు దెబ్బలు కొడతాడు. ఎప్పుడూ పోసేది మాలకొండయ్య, కొట్టేది శివ. అలవాటైన నోరు బుర్రను అడగదు. బకెట్ ఖాళీ కాగానే వంగి కేకేశాడు.

"శివా! వచ్చినాయా?"

టంగ్. టంగ్.

వనజాక్షి గడప దగ్గర్నుంచి తొంగిచూసింది. "పెరట్లో ఎవర్నైనా పెట్టావా?"

"లేదమ్మా."

అతను పెరట్లోకి పోయి చూశాడు. గోడకు గొట్టం మూతి లేదు. ఇసుక మీద పొద్దుటి గాలి గీసిన గీతలు ఒక్కటీ చెరగలేదు. గొట్టం ఎక్కడికీ పోలేదు, నిలువునా భూమిలోకి దిగిపోయింది.

కంచె అవతల, ఈ ఇల్లు అమ్మేశాక తన తమ్ముడింట్లో ఉంటున్న ముసలి కామమ్మ చేపలు ఎండబోస్తూ ఉంది. అతని వాలకం చూసి చేట పక్కన పెట్టింది.

"బిరడా తీసినావా అబ్బయ్యా?"

"ఏంది పెద్దమ్మా అది?"

"మా ఆయన కోసరం వేయించినా. సముద్రంలో పోయినోడు గదా, ఉప్పునీళ్లు నోట్లో పెట్టుకునే పోయుంటాడు. పొద్దున్నే పేరు పిలిచి చెంబుడు మంచినీళ్లు పోసేదాన్ని."

"పలికేవాడా?"

"దగ్గేవాడు. బీడీలు తాగి తాగి బతికుండంగా దగ్గినట్టే. ఎవురి పలుకు వాళ్లది."

"మరెందుకు మూసినావు?"

"ఒకడికి పోస్తే పదిమంది వచ్చినారు నాయనా. యాడ్యాడ పోయినోళ్లో. ఎంతమందికని తోడేది నేను?"

మాలకొండయ్య కంచె పట్టుకున్నాడు. "బతికుండేవోళ్లను పిలిస్తే?"

"పిలిచి చూడు పో. బతికుండేవోడికి ఆ నీళ్లతో ఏం పని?"

లోపలికొచ్చి ఇంకో బకెట్ నింపాడు. పొద్దున సామాన్లు ఇచ్చిన పైపుల కొట్టు వెంకయ్యను తలుచుకుని, పేరు పెట్టి పిలిచి, పోశాడు. నీళ్లు మామూలు నీళ్లలాగే జర్రున దిగిపోయాయి. చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. ఏమీ లేదు. మళ్లీ శివ పేరు మాత్రం పిలవలేదు.

"దీనికి కలపనమ్మా" అన్నాడు.

"నీళ్లు బాగానే పోతున్నాయి కదయ్యా!"

"వాటం లేదు." ఇన్నేళ్ల పనిలో వాటం గురించి అబద్ధమాడటం అదే మొదలు.

రాతిగోడకు బెజ్జం కొట్టడానికి మూడు గంటలు పట్టింది. పీవీసీ గొట్టం కరివేపాకు చెట్టు మొదట్లోకి వదిలి, మెషిన్ నీళ్లు సాఫీగా పోవడం చూసి, చేతులన్నా కడుక్కోకుండా హార్బరుకు నడిచాడు. చెంచమ్మ రొయ్యలు ఏరుతూ ఉంది.

"ఏంది బావా, ఇట్టొచ్చినావు? టీచరమ్మ తరిమేసిందా?"

అతను గొట్టం సంగతి చెప్పాడు. కామమ్మ మొగుడి దగ్గు సంగతీ చెప్పాడు. అక్కడ ఆగిపోయాడు.

చెంచమ్మ చేతిలో రొయ్య చేతిలోనే ఉండిపోయింది. "నువ్వు పిలిచినావా?"

అతను తన కాలివేళ్లకంటిన ఇసుక వైపు చూశాడు.

"చెప్పబాక" అంది. "నోరు తెరిచినావంటే నీ మొహం చూడను బావా. చెప్పబాక."

ఆమె లేచి చేతులు కడుక్కుంది. కుళాయి దగ్గర బిందె నింపి చంకనెత్తుకుని, వెనక్కి చూడకుండా ముందు నడిచింది.

వంటింట్లో వనజాక్షి ఒక్క మాటా అడగకుండా పక్కకు తొలిగింది. చెంచమ్మ గొట్టం ముందు చతికిలబడి, నుదుటి చెమటను బొట్టు చెదరకుండా అద్దుకుంది.

"నేనెవుర్నీ పిలవడంలా" అంది గొట్టంతో. "దప్పికైనోళ్లు తాగండి. మా ఆయన వస్తే ఇంట్లో తాగతాడు."

బిందె వంచింది. గుటకలు మొదలయ్యాయి. సగం బిందె అయ్యేసరికి మధ్య మధ్య ఆగడం కూడా మానేశాయి. చెంచమ్మ పెదవులు బిగబట్టి పోస్తూనే ఉంది. వెనకాల మాలకొండయ్య, పేరు ఎక్కడ జారిపోతుందోనని, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు.