రెండు బ్యాటరీల బరువు

నేను ఒక పడవ మోటారును. పెట్రోలు తాగను, బ్యాటరీ మీద తిరుగుతాను. ఫ్యాక్టరీ గేటు దాటేనాటికి నా ఆస్తి ఇంతే: రెండు రెక్కల పంకా, గజం పొడవు గొట్టం, ఒక చేతిపిడి, పడవను నెట్టే నలభై పౌన్ల బలం, చప్పుడు చేయని స్వభావం. పెద్ద పెట్టుబడేమీ కాదు. చిన్న పడవకు మాత్రం సరిపోతుంది.

నా మొదటి యజమాని హైదరాబాదులో ఒక కాంట్రాక్టరు. చప్పుడైతే చేప బెదురుతుందని ఏరి ఏరి నన్ను కొన్నాడు. తీరా పడవలో కూర్చున్నంతసేపూ ఫోనులో మేస్త్రీలను తిట్టాడు. నాలుగు ఆదివారాలకు ఒక్క చేపా పడలేదు. తప్పు నాదేనని తేల్చి, మాచర్లలో పంపుసెట్లు అమ్మే గురవయ్యకు నన్ను సగం ధరకు ఇచ్చేశాడు.

గురవయ్య నన్ను ఒక పెద్ద మోటారు పక్కన నిలబెట్టాడు. దాని బలం నాకు రెట్టింపు. కొట్లోకి వచ్చినవాళ్లంతా ముందు దాన్నే తట్టి చూసేవారు. నేను కంగారుపడలేదు. కొనడానికి వచ్చిన మనిషికి తనకేం కావాలో తెలియడానికి కొంచెం సమయం పడుతుంది.

అలా ఒకరోజు ఎల్లాజీ, కాసులమ్మ వచ్చారు. విశాఖ తీరం నుంచి వలస వచ్చి, సాగర్ జలాశయంలో చేపలు పట్టే మొగుడూ పెళ్లాలు. ఇరవై ఏళ్లుగా ఆమె తెడ్డు వేస్తుంది, అతను వల వేస్తాడు. ఇప్పుడామె కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. పెద్ద మోటారు కొని ఇకనుంచి ఒక్కడే వెళ్లాలని, ఆమెను ఇంటి దగ్గర ఉంచాలని ఎల్లాజీ ఆలోచన. పడవలో తన చోటు వదులుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

“పెద్దదే ఇయ్యి సావుకారూ. ఎదురుగాలొస్తే ఆ సిన్నది లాగలేదు,” అన్నాడు ఎల్లాజీ.

కాసులమ్మ అక్కడున్న బ్యాటరీని కాలితో నెట్టి చూసింది. అది కదల్లేదు. “ఇదెంత బరువుంటాదండీ?”

“ముప్పై కేజీలమ్మా. దీనికైతే ఒకటి చాలు, పెద్దదానికి రెండు కావాల,” అన్నాడు గురవయ్య.

“అంటే అరవై. నాకన్నా బరువే.” ఆమె మొగుడి వైపు తిరిగింది. “రెండు బేటరీలూ నా సోట్లో కూకుంటాయి మామా. వల్లోంచి సేపల్ని అయ్యే యిప్పుతాయేటి?”

“నీ సుకం కోసమే కదే.”

“అలాగైతే దాన్నే కట్టుకుని కాపరం సెయ్యి.”

గురవయ్య నవ్వు ఆపుకుని, వాడి చూడమని నన్ను ఒక రోజుకు ఇచ్చాడు. చార్జింగు ఎంతసేపు వస్తుందో కాసులమ్మ అడిగి తెలుసుకుంది.

మరునాడు వలలు లేపి తిరిగి వస్తుంటే నిజంగానే ఎదురుగాలి తగిలింది. తడి వలలు, చేపలు, ఇద్దరు మనుషులు. ఒడ్డు ఇంకా దూరం. “పూర్తిగా తిప్పెయ్యే,” అని ఎల్లాజీ కేక వేశాడు. అలా తిప్పితే నేను గంటన్నరలో ఆగిపోతాను, ఆ గాలిలో గంటన్నర చాలదు. కాసులమ్మ ఎడమచేత్తో నా పిడిని సగంలోనే ఉంచి, పడవను కొండ వారకు మళ్లించింది. కొండ చాటున గాలి లేదు. దారి పెరిగింది గానీ నా మీద భారం తగ్గింది. చేసేది లేక ఎల్లాజీ వలలోంచి చేపలు విడదీస్తూ కూర్చున్నాడు. ఒడ్డు చేరేసరికి చేపలన్నీ బుట్టల్లో ఉన్నాయి, బ్యాటరీలో ఇంకా కొంత మిగిలింది.

పడవ కట్టేసి ఎల్లాజీ చేపల బుట్టలు ఒడ్డుకు దించాడు. తరవాత, “రేపు బేగి లెగాల. దీనికి సార్జింగెట్టు,” అన్నాడు.

“నువ్వెట్టు. నాకు సెయ్యి లెగదు కదా,” అంది ఆమె.

ఇది జరిగి నాలుగేళ్లయింది. గట్టు రాయి తగిలి పంకా విరిగింది, కొత్తది వేశారు. గొట్టం మీద రంగు పోయింది. బ్యాటరీ ఒకసారి మార్చారు. ఇవన్నీ ఖర్చు కింద రాసుకున్నాను. జమ కింద రాయడానికి నా దగ్గర ఒక్కటే పద్దు ఉంది: రోజూ పొద్దున పడవ వెనక బల్ల మీద కాసులమ్మ కూర్చుంటుంది.