ఎనభై కుడిచేతులు

మా మనవరాలిని కుట్టుగదికి పెద్దను చేసిన రోజు నాకంటే ఎక్కువ మురిసినవాళ్ళు లేరు. ఇనుప సామాన్ల దుకాణం పైన రెండో అంతస్తులో ఆ గది. పది మెషిన్లు, మధ్యలో పొడవాటి కత్తిరింపు బల్ల, కిటికీ పక్కన నా పీట. ముప్పై ఏళ్ళుగా ఆ పీట మీదే కూర్చుని కాజాలు కుడుతున్నాను. తల్లి పనికి పోతే పిల్ల నా పక్కనే గుండీలతో ఆడుకుంటూ పెరిగింది. చేతిలో పనితనం ఉంది, కత్తెర పడితే నీళ్ళలో చేపలా పోతుంది. లోపం ఒక్కటే. తప్పు తనదని ఒప్పుకోవడానికి నోరు రాదు. చిన్నప్పుడు పాలు ఒలకబోస్తే గిన్నె వంకరగా ఉందనేది. అప్పుడు అందరం నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది.

గదికి పెద్ద అయ్యాక పనివాళ్ళను తనే ఎంచుకుంది. "ఈ జేబు గీత కొంచెం వంగినట్టుందమ్మా" అన్న పాత మనిషి మూడోసారి మాట పడ్డాక తన కత్తెర సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయింది. అలా ఇంకో ఇద్దరు. మిగిలినవాళ్ళూ కొత్తగా వచ్చినవాళ్ళూ గంగిరెద్దుల్లా తల ఊపే రకం. వాళ్ళలో ముప్పై ఐదేళ్ళ మనిషి ఒకామె ఉంది. ఏం చెప్పినా "సరే మేడమ్" అంటుంది. నేనే ఆమెకు సరేగారు అని పేరు పెట్టాను. కోట్లు ఇస్త్రీ చేసే పిన్ని అయితే ఏదైనా కాలినా కమిలినా చప్పుడు లేకుండా మడతల అడుగున దాచేసేది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

నేనేమన్నా తక్కువ తిన్నానా? మనవరాలు వంకరగా గీసిన జేబులు సాయంత్రం ఇంటికి పట్టుకుపోయి, విప్పి, సరిచేసి పొద్దున్నే ఎవరూ రాకముందు కట్టలో కలిపేసేదాన్ని. అది ప్రేమే అనుకున్నాను. అదీ తల ఊపడమేనని తర్వాత తెలిసింది.

ఈలోగా బస్సు డ్రైవర్లకు పెద్ద, మధ్య, చిన్న సైజుల్లో కలిపి నలభై కోట్లు కుట్టే పని వచ్చింది. యజమాని వచ్చి బల్లకు ఆనుకుని నిలబడ్డాడు.

"చూడమ్మా, రెండుసార్లు ఆలస్యం చేశారు. ఇవి శనివారానికి అందాలి. అందకపోతే ఈ గదికి తాళం వేసి, పని పక్క వీధివాళ్ళకు ఇచ్చేస్తాను. నన్ను తిట్టుకోవద్దు."

"అందుతాయండీ," అంది మనవరాలు.

బుధవారం తనే గుడ్డ పరిచింది, పొర మీద పొర. ఒక్కో సైజుకూ కోటు చేతి ఆకారంలో ఉన్న అట్ట పెట్టి సుద్దతో గీసింది. పక్కకు జరిపి మళ్ళీ గీసింది. కోటు గుడ్డకు ఒకవైపే మెరుపు ఉంటుంది కదా, అందుకని ఒక చేతికి గీశాక రెండో చేతికి అట్టను బోర్లించి గీయాలి. లేకపోతే రెండూ ఒకే చెయ్యి అవుతాయి. ఆ తొందరలో అట్ట బోర్లించడం మరిచిపోయింది. కటర్ గర్రుమంది. ఎనభై చేతులు చకచకా తెగి కట్టలయ్యాయి.

గురువారం పొద్దున సరేగారు మొదటి కోటుకు చేతులు అతికి, లేపి చూపించింది. కుడిచెయ్యి బుద్ధిగా ముందుకు వాలింది. ఎడమచెయ్యి ఎవరో మెలిపెట్టినట్టు వెనక్కి తిరిగింది.

"తిప్పి కుట్టావా ఏంటి?" అంది మనవరాలు.

"లేదు మేడమ్."

"మరి ఇలా ఎందుకు వచ్చింది? కళ్ళు పెట్టుకునే కుడుతున్నావా?"

మనవరాలు కట్ట విప్పింది. ఒకటి, రెండు, పది చేతులు బల్ల మీద పరిచింది. అన్నీ కుడిచేతులే. ఉన్న గుడ్డంతా తెగిపోయింది, మూల చుట్టలో ఐదు మీటర్లకు మించి లేదు.

"నువ్వు పక్కనే ఉన్నావు కదా, అట్ట బోర్లించలేదని చూడలేదా?" అని సరేగారి మీదికి వెళ్ళింది.

"చూశాను మేడమ్."

గదిలో మెషిన్లన్నీ ఆగిపోయాయి.

"చూసి చెప్పవేం?"

సరేగారు దారం వేళ్ళకు చుట్టుకుంటూ మెల్లగా అంది. "పోయిన నెల కాలరు గురించి చెబితే, నీ పని నువ్వు చూసుకో అన్నారు. అందుకే నా పని నేను చూసుకున్నాను."

"నేనూ చూశా," అంది ఇస్త్రీ పిన్ని, ఎవరూ అడక్కుండానే. కిటికీ పక్క మెషిన్ మీద ఉన్న మనిషి కూడా తల దించుకుంది. అంతమందిలో ముగ్గురు చూశారు. ఒక్కరికీ నోరు రాలేదు.

మనవరాలు నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, నువ్వూ చూశావా?"

"నాకు అంతదూరం ఆనదే తల్లీ. కానీ నీ జేబులు విప్పి కుట్టింది మాత్రం నేనే. ఆరు నెలలుగా."

ఆ మాటకు పిల్ల బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇక మమ్మల్ని తిడుతుందో, ఏడుస్తుందో అనుకున్నాను. బల్ల అంచు వదిలి అందరి వైపూ చూసింది.

"అట్ట బోర్లించనిది నేను," అంది. "మీరెవరూ కాదు. నా తప్పే. మీ నోళ్ళు మూయించిందీ నేనే. ఇప్పుడేం చెయ్యాలో నాకు తోచడంలేదు. ఎవరికైనా తోస్తే చెప్పండి."

నిన్నటిదాకా మాట పడ్డవాళ్ళు ఒక్క మాటకే నమ్ముతారా? చివరికి సరేగారే బల్ల దగ్గరికి వచ్చింది.

"పెద్ద సైజు కుడిచేతులు సగం మిగిలాయి కదా..."

"చెప్పండి."

"వాటిని తిరగేసి, అంచులు చెక్కితే మధ్య సైజుకు ఎడమచెయ్యి వస్తుంది. మధ్యవి చెక్కితే చిన్నవాటికి వస్తుంది. పెద్ద సైజుకే కొత్తగా కత్తిరించాలి. దానికి ఆ చుట్ట చాలుతుందేమో."

"తిరగేస్తే మెరుపు లోపలికి పోదూ?" అంది ఇస్త్రీ పిన్ని.

"గుడ్డను కాదు పిన్నీ, అట్టను తిరగేసి పెట్టాలి. మెరుపు పైకే ఉంటుంది."

మనవరాలు ఒక చెయ్యి తీసి, అట్ట బోర్లించి పెట్టి గీసింది. భుజం దగ్గర ఒక మూల అట్టకు అందకుండా పోయింది. "ఇక్కడ చాలడంలేదు," అంది. సరేగారు వచ్చి అట్టను వేలెడు కిందికి జరిపింది. సరిపోయింది.

"నీకింత తెలివి ఉందని ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాను నేను.

"అడిగితే కదా అమ్మమ్మా," అంది సరేగారు. ఆమె నవ్వు చూడడం నాకదే మొదలు.

ఇక చూడాలి ఆ రెండు రోజులు! ఇస్త్రీ పిన్ని మడతల కింద దాచిన రెండు కాలిన లైనింగులు తనే తెచ్చి బల్ల మీద పడేసి, "ఇవీ నా ఖాతాలోవే, తిట్టేదేదో ఒకేసారి తిట్టెయ్యి," అంది. మనవరాలు తిట్టలేదు. కోపం రాలేదని కాదు, పెదవి కొరుక్కోవడం నేను చూశాను. "మార్చేద్దాం, పిన్నీ," అని ఊరుకుంది. సుద్ద పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఆగాగు, గీత చూడు" అనేవాళ్ళు. ఒకసారి తను చిరాకుపడి "చూస్తున్నానుగా!" అని అరిచి, వెంటనే నాలుక కరుచుకుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒక్క పూటలో పోతుందా?

శనివారం మధ్యాహ్నానికి నలభై కోట్లు వరుసగా వేలాడాయి. యజమాని ఒక్కొక్కటీ తడిమి చూశాడు. ఏమీ కనిపెట్టలేదు. అయినా మనవరాలే నోరు విప్పింది.

"కత్తిరింపులో నేను తప్పు చేశానండీ. చేతులు మళ్ళీ చెక్కాల్సి వచ్చింది. దారి చెప్పింది ఈవిడ." సరేగారిని చేత్తో చూపించింది.

యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"రేపు వీళ్ళు నాకు చెప్పాలంటే ఇవాళ నేను మీకు చెప్పాలి కదండీ."

ఆయన గొణుక్కుంటూనే పై వారం డెబ్బై కోట్లకు చీటీ రాసిచ్చి పోయాడు. తాళం మాట ఎత్తలేదు.

ఇలాంటి మాటలకు కాళ్ళుంటాయి, వీధులు దాటి పోతాయి. సోమవారం పొద్దున పక్క వీధి కుట్టుగది నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఆయాసపడుతూ మెట్లెక్కి పని అడగడానికి వచ్చారు. వాళ్ళలో పొట్టిగా ఉన్నావిడ గుమ్మంలోనే నిలబడి, "ముందే చెబుతున్నా, కిందటేడు నేనొక తాను మొత్తం పాడుచేశాను," అంది.

"ఎలా పాడైందో కూర్చుని చెప్పండి. మాకూ తెలియాలి," అంటూ మనవరాలు తన కుర్చీ ఆమె వైపు జరిపింది.