ఫోన్ పెట్టకండి మేడం

"వాళ్ళు నీ ఫోను లాగేసుకుంటే ఏం చేస్తావే?" అన్నాను, పెట్టె జిప్పు లాగుతూ.

మా పిచ్చుక పకపకా నవ్వింది. పిచ్చుక అంటే మా అమ్మాయే. పుట్టినప్పుడు పెట్టిన పేరు బడి పుస్తకాల్లోనే ఉండిపోయింది. కళ్ళు తెరిచింది మొదలు వాగుతూనే ఉంటుందని వాళ్ళ నాన్న పెట్టిన పేరే ఇంటా బయటా మిగిలింది.

"ఫోన్లో మాట్లాడే ఉద్యోగమే అమ్మా అది! ఫోను లాక్కుని నా చేత ఈలలు వేయిస్తారా?"

"ఏమో. వాళ్ళిచ్చే గదికి గడియ లోపల ఉందో బయట ఉందో ముందు చూసుకో."

"నాన్నోయ్, మీ ఆవిడ మొదలుపెట్టింది!"

ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. "అసలు ఆగిందెప్పుడూ?" అన్నారు నురగలోంచి.

వాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోవడానికి కారణం లేకపోలేదు. లిఫ్టు ఎక్కితే తీగ తెగుతుందంటాను, దగ్గు వస్తే ఎక్స్‌రే అంటాను. నేను ముందే భయపడి ఉండని కీడు మా ఇంట్లో జరగాలంటే చాలా కొత్తదై ఉండాలి. ఉద్యోగం వేరే ఊళ్ళో. కస్టమర్లతో మాట్లాడటమే పని, గదీ భోజనమూ కంపెనీదే అన్నారు. మంచి ఇంగ్లీషు అక్కర్లేదు, మంచి గొంతు ఉంటే చాలన్నారు. దానికి గొంతు తప్ప ఇంకేముంది కనుక. సంబరంగా వెళ్ళింది.

మొదట్లో రోజూ ఫోన్ చేసేది. తర్వాత మాటలు పోయి మెసేజీలే మిగిలాయి. "బాగున్నాను. పని ఎక్కువ. తర్వాత మాట్లాడతాను." నేను చేస్తే ఎత్తదు.

"వదిలెయ్యవే. ఉద్యోగమన్నాక తీరిక ఉంటుందా?" అనేవారు మా ఆయన.

నేను ఆసుపత్రి బట్టల గదిలో కుట్టుపని చేస్తాను. చిరిగిన దుప్పట్లకు అతుకులు, రోగుల గౌన్లకు ఊడిన నాడాలు, ఆపరేషను గది పచ్చగుడ్డలకు అంచులు. బాయిలరు వేడి గోడలోంచి వస్తూ ఉంటుంది. ఎదుటి బల్ల దగ్గర ఇస్త్రీ చేసే ఆవిడ ఉంటుంది. ఆవిడ నన్ను వదినా అంటుంది, నేనూ ఆవిడని వదినా అనే అంటాను.

మా ఇద్దరికీ అక్కరలేని ఫోన్లు తెగ వచ్చేవి. లోను కావాలా, కార్డు కావాలా, మీకు బహుమతి వచ్చింది, మీ కరెంటు కట్ చేస్తాం. వదిన వాళ్ళని ఆడించేది. ఒకసారి ఎవడో లోను ఇస్తానంటే, "మా ఆయన్ని తాకట్టు పెట్టుకుంటావా నాయనా? పని చెయ్యడు గానీ కదలకుండా ఉంటాడు, ఎత్తుకుపోయే భయం లేదు" అంది. నాకంత ధైర్యం లేదు. మాట్లాడితే మన గొంతు పట్టుకుని బ్యాంకులోదంతా ఊడ్చేస్తారని నా భయం. అందుకని నాకో పద్ధతి ఉండేది. తెలియని గొంతు వినపడగానే ఫోను బల్ల మీద, మోటారు పక్కన పెట్టి కుట్టుమిషను తొక్కేదాన్ని. గరగరమని చెవి పగిలిపోయేట్టు మోత. వాళ్ళే తిట్టుకుని పెట్టేసేవారు. బట్టల గదిలో అందరికీ అదొక వినోదం.

ఆ రోజు మధ్యాహ్నం కూడా అలాగే ఏదో నంబరు వచ్చింది. "నమస్కారం మేడం" అని వినపడటమే ఆలస్యం, ఫోను మోటారు పక్కన పెట్టి దుప్పటి అంచంతా కుట్టేశాను. దారం తెంపుతుంటే వదిన తొంగి చూసి, "ఇదేంటి వదినా, ఇంకా పెట్టలేదూ!" అంది. చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగింది.

"ఎవరో ఆడపిల్ల. నీ కూతుర్ని పట్టుకున్నారట. పాపం కొత్తదిలా ఉంది, పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది. నువ్వే విను."

ఆ మోసం సంగతి నాకు తెలుసు. పిల్లల్ని పోలీసులు పట్టుకున్నారని తల్లుల్ని బెదిరిస్తారని టీవీలో చూసి, చుట్టాలందరికీ ఫోన్ చేసి మరీ చెప్పినదాన్ని. నాలుగు దులిపేద్దామని ఫోను అందుకున్నాను.

"మేడం, మీ అమ్మాయి మా దగ్గర ఉంది. పెద్ద కేసులో పేరు వచ్చింది. ఈ విషయం ఎవరికీ చెప్పకూడదు. ఫోన్ పెట్టకండి మేడం. పెడితే మీ అమ్మాయికే ఇబ్బంది."

తిట్టు నాలుక చివరి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. అది పిచ్చుక గొంతు. అరిగిపోయి, బొంగురుపోయి, నీళ్ళు తాగని గొంతులా ఉంది. అయినా కన్నదాన్ని, నాకు తెలియదూ?

వెనక మగగొంతు ఒకటి "గట్టిగా చదువు" అని కసిరింది. బల్ల మీద దేనితోనో కొట్టిన చప్పుడు.

పేరు పెట్టి పిలవబోయి మింగేశాను. పిలిస్తే ఆ పక్కనున్నవాడికి తెలిసిపోతుంది. ఎక్కడినుంచి వచ్చిందో గానీ ఆ తెలివి వచ్చింది.

"ఆఫీసరమ్మా, మా అమ్మాయి భోంచేసిందా?" అన్నాను.

"ఒక పూట తింది మేడం" అంది.

"దెబ్బలేమన్నా కొట్టారా తల్లీ?"

"మాట వింటే కొట్టరు మేడం."

వెనకవాడు నవ్వాడు. "ముసలిది పడింది. వదలకు" అన్నాడు.

"డబ్బు సర్దుకోవాలమ్మా. బంగారం అమ్మాలి. రేపు చెయ్యి. నువ్వే చెయ్యి, ఇంకో గొంతు వస్తే నాకు గాబరా, చేతులాడవు" అన్నాను.

"నేనే చేస్తాను మేడం" అంది. లైను తెగిపోయింది.

ఇస్త్రీ పెట్టె కింద గౌను కమిలి వాసన వస్తోంది. వదిన చూసుకోలేదు. నా మొహమే చూస్తోంది.

పని మధ్యలో వదిలి ఇంటికొచ్చాను. చెబితే మా ఆయన తల కొట్టుకున్నారు. "గాలికి తలుపు కొట్టుకున్నా నీకు దొంగలే. ఇప్పుడే మెసేజీ పెడతాను చూడు" అని పెట్టారు. కాసేపటికి జవాబు వచ్చింది. "నేను క్షేమంగా ఉన్నాను నాన్నగారూ. మీ ఆరోగ్యం జాగ్రత్త."

ఆయన దాన్ని రెండుసార్లు చదివి మంచం మీద కూలబడ్డారు. "నాన్నగారూ ఏమిటి?" అన్నారు. "అది నన్నెప్పుడైనా గారూ అందా?"

పోలీసుల దగ్గరికి వెళ్ళాం. ఫోను మోసాలు చూసే గదిలో ఒక కుర్ర ఆఫీసరు ఉన్నాడు. మర్యాదగానే విన్నాడు. "ఈ కాల్ రోజూ ఎంతోమందికి వస్తుందమ్మా. మాటలు కూడా అవే. ఆ నంబరు బ్లాక్ చేసెయ్యండి" అన్నాడు.

"గొంతు నా కూతురిది బాబూ."

"గొంతులు కూడా తయారు చేస్తున్నారమ్మా ఇప్పుడు. కంప్యూటరులో పోసి తీస్తున్నారు. మీ అమ్మాయి ఎక్కడైనా నాలుగు మాటలు మాట్లాడిన వీడియో పెట్టిందా?"

నాలుగా! పొద్దస్తమానం అదే పని దానికి.

"చూశారా మరి. అమ్మాయి మెసేజీ కూడా ఇచ్చిందిగా. కంగారు పడకండి."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కంప్యూటరు గొంతే అయితే నా బిడ్డ ఎక్కడో చల్లగా పనిచేసుకుంటోంది. అలాగే కావాలని మొక్కుకున్నాను. కాకూడదని కూడా అనుకున్నాను. కంప్యూటరే అయితే నా ప్రశ్నలకు జవాబు చెప్పింది ఎవరు మరి?

మర్నాడు ఫోన్ వచ్చినప్పుడు నేను బట్టల గదిలోనే, ఉతికిన దుప్పట్ల గుట్ట వెనక కూర్చున్నాను. మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చి పక్కనే కూర్చున్నారు. బంగారం తూచేవాడు ఊళ్ళో లేడని ముందు ఒక అబద్ధం చెప్పాను. తర్వాత అడిగాను.

"ఆఫీసరమ్మా, మా పిల్ల భయపడితే ఏం చేస్తుందో మీరు చూశారా?"

"చూశాను మేడం. వేళ్ళు లెక్కపెట్టుకుంటుంది. చిటికెన వేలు మాత్రం వదిలేస్తుంది."

ఆయన చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. చిన్నప్పుడు చీకట్లో పడుకోబెడితే చేసే పని అది. ఏ వీడియోలోనూ లేదు.

"దాన్ని పెట్టిన గదికి కిటికీ ఉందా తల్లీ? గాలాడకపోతే దానికి ఆయాసం."

"ఏంటే దీని నస?" అన్నాడు వెనకవాడు.

"పెద్దావిడ సార్. చెప్పకపోతే పెట్టేస్తుంది" అంది నా కూతురు. మళ్ళీ నాతో, "ఉంది మేడం. మూడో అంతస్తు. కింద బస్సులకి రంగులేసే షెడ్డు ఉంది, ఆ వాసన వస్తుంది. పక్కనే రైలు గేటు. గేటు పడితే గంట వినపడుతుంది. మీరు డబ్బు తొందరగా చూడండి మేడం."

జీవితమంతా ఏవి అడిగితే ఇంట్లో నవ్వారో ఆ ప్రశ్నలే అడిగాను. మెట్లకు చేతిపట్టీ ఉందా, వర్షం వస్తే నీళ్ళు నిలుస్తాయా, పక్కన మందుల షాపు ఉందా. అది ఆఫీసరు గొంతుతోనే ఒక్కొక్కటీ చెప్పింది. వాడు విసుక్కుంటూనే విన్నాడు. మా ఆయన దుప్పటి గుట్టలో మొహం దాచుకున్నారు.

అవన్నీ పట్టుకుని మళ్ళీ వెళితే, ఈసారి కుర్ర ఆఫీసరు కంగారు పడకండి అనలేదు. ఉద్యోగమని పిలిచి, బంధించి ఇలాంటి ఫోన్లు చేయించే చోట్ల ఎవరికి చెయ్యాలో ఆ నంబర్లు లిస్టుగా ఇస్తారనీ, వలలో సగం పడిన మనిషిని మాత్రం అదే గొంతుకి వదిలేస్తారనీ చెప్పాడు. మా నంబరు లిస్టులో లేకపోయినా మా అమ్మాయే ఎలాగో నొక్కి ఉంటుందన్నాడు. ఆ ఊరి పోలీసులకు రాశాడు. అది వాళ్ళ పరిధి కాదని ఇంకొకరికి పంపారు. ఆ కాగితం తిరిగినన్నాళ్ళూ నేను అబద్ధాలు అల్లాను. ఒకరోజు తాళం చెవి పోయింది, ఒకరోజు మా ఆయనకి జ్వరం. పిచ్చుక గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. ఒకరోజు, "మేడం, ఇంక ఆలస్యం చేస్తే మీ అమ్మాయిని వేరే చోటికి పంపేస్తారు" అంది. అది పాఠంలో మాటో, నాతో చెప్పిన మాటో తెలియలేదు.

పోలీసులు వెళ్ళేసరికి మూడో అంతస్తు ఖాళీ. ఫ్యాన్లు ఇంకా తిరుగుతున్నాయట. బల్లలు, తెగిన వైర్లు, గోడకి "నవ్వుతూ మాట్లాడండి" అని అట్ట. తలుపుకి గడియ బయటే ఉందట. మనుషులు ఒక్కరు లేరు.

ఆ సంగతి చెప్పడానికి కుర్ర ఆఫీసరు ఇంటికే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. "వెతుకుతాం అమ్మా" అన్నాడు. మేము మొదటిసారి వచ్చినప్పుడే మీరు కదిలి ఉంటే అని మా ఆయన అనబోయి, లేచి అతనికి మంచినీళ్ళు తెచ్చారు.

పిచ్చుక ఫోను మూగబోయింది. నాన్నగారూ అనే మెసేజీ కూడా లేదు.

అక్కరలేని ఫోన్లు రాకుండా పిచ్చుక నా ఫోనులో ఏదో పెట్టి వెళ్ళింది. అది కొన్నిటినైనా ఆపేసేది. మా ఆయన చేత దాన్ని తీయించేశాను. ఇప్పుడు ఏ నంబరు వచ్చినా ఎత్తుతాను. లోనువాళ్ళు, కార్డువాళ్ళు, బహుమతివాళ్ళు, అందరి మాటా చివరిదాకా వింటాను. మిషను ఆపేసి వింటాను. సూపర్వైజరు రెండుసార్లు హెచ్చరించాడు. వదిన నా వాటా నాడాలు కూడా తనే కుట్టి పెడుతోంది. విన్నాక అందరినీ ఒకటే అడుగుతాను. పిచ్చుక అని మా అమ్మాయి, పొడుగ్గా ఉంటుంది, మాటకారి, మీ దగ్గర ఉందా?

కొందరు నవ్వుతారు. కొందరు బూతు మాట అంటారు. ఒకాయన మాత్రం, "లేదమ్మా, మాది నిజమైన బ్యాంకే" అని, క్షమించమని పెట్టేశాడు. ఎక్కువమంది వినకుండానే తెంపేస్తారు. నేను వాళ్ళ చెవుల్లో మోత పెట్టినట్టే వాళ్ళకి నా మాట మోత.

నిన్న సాయంత్రం పని దిగబోతుంటే ఒకటి వచ్చింది. మగపిల్లవాడి గొంతు, ఇంకా ముదరనిది. "మేడం, మీ పార్సిల్లో నిషేధించిన వస్తువులు దొరికాయి" అని మొదలుపెట్టాడు. మొత్తం చదవనిచ్చాను. వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాను.

"బాబూ, నీ పక్కన ఎవరైనా ఉంటే ఏమీ చెప్పకు, నీ పాఠమే చదువుకో. లేకపోతే ఒక్కమాట చెప్పు. పిచ్చుక అని మా అమ్మాయి. ఉందా అక్కడ?"

వాడు ఫోను పెట్టలేదు. వాడి వెనక చాలా గొంతులు ఒకేసారి మేడం, సార్, మేడం అంటున్నాయి. వాటిలో దాని గొంతు ఉందేమోనని కళ్ళు మూసుకుని వెతికాను. తెలియలేదు. బాయిలరు ఆపేశారు, గోడలు చల్లబడుతున్నాయి. వదిన సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నేను ఇంక ఏమీ అడగలేదు, బతిమాలలేదు. కదిలితే వాడు బెదిరిపోతాడేమోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చాను. కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో నడిచి వెళ్ళిన చప్పుడు. అడుగులు దూరమయ్యాయి.

అప్పుడు వాడు, పెదవులు ఫోనుకి ఆనించినట్టు, అన్నాడు.

"మీ నంబరు నాకు లిస్టులో రాలేదండీ. ఆ అక్కే చెప్పింది."