ముందు ఇందులో ఏం కలిపారు?

బజారు చివర రంగుల దుకాణంలోకి వెళ్ళినవాళ్ళెవరూ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా బయటపడిన దాఖలా లేదు.

"ముందు ఇందులో ఏం కలిపారు?"

రంగుల మాస్టారు ఆ మాట అడిగితే పోలీసు స్టేషన్లో అడిగినట్టుండేది. మరి ఆయన తప్పేముంది? వెలిసిన కర్టెనో, మరకపడ్డ చొక్కానో తెచ్చేవాళ్ళలో సగంమంది ఇంట్లో ఏదో ప్రయోగం చేసి, అది బెడిసికొట్టాకే ఆయన గడప తొక్కుతారు. తొక్కి, "అబ్బే, ఏమీ వెయ్యలేదండీ" అంటారు. ఆయన ఆ బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చేవాడు.

"బ్లీచింగ్ వేశావు. అబద్ధమాడితే నాకు పోయేదేం లేదమ్మా, నీ కర్టెనే పేలికలవుతుంది."

పొగరు మనిషే, కాదనను. కానీ పనితనం ముందు ఆ పొగరు చిన్నదే. ఏ రంగు తయారుచేసినా అందులో ఏ పొడి ఎన్ని చెంచాలు పడిందో, ఏది ముందో ఏది వెనకో చిన్న చీటీ మీద రాసి, ఆ రంగేసిన నూలు కట్టకే, అంటే చిలపకే, కట్టేవాడు. చీటీ లేని చిలప ఆయన దుకాణంలో కనబడేది కాదు. ఇంకో పద్ధతి కూడా ఉంది ఆయనకు. తొట్టిలో మిగిలిన రంగునీళ్ళు పారబోసేవాడు కాదు. మూతపెట్టి ఉంచి, మర్నాటి రంగును వాటిమీదే ఎక్కించేవాడు. "పాత నీళ్ళు పునాదిరా నాయనా" అనేవాడు. ఎక్కించాక చూసి, తల అడ్డంగా ఊపి, "ఇంకొంచెం" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో ఏమో, బజారంతా ఆయన్ని ఇంకొంచెం మాస్టారనే పిలిచేది.

ఆయన భార్యకూ ఒక పేరుంది. రేడియో. పొద్దున పాలవాడితో మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఆవిడ నోటికి విరామం ఉండేది కాదు. "కాసేపు ఆపవే" అని ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మాస్టారు మొత్తుకుంటూనే ఉన్నాడు. దేవుడు ఆ మొర ఎందుకు విన్నాడో గాని, ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి విన్నాడు.

ఆవిడకు ఎడమ పక్కటెముకల వెంట అక్కి లేచింది. పొక్కులు మూడు వారాల్లో మాడిపోయాయి, మంట మాత్రం పోలేదు. పైన చర్మం మామూలుగానే ఉంది, లోపల నరం కాలుతోంది. రవిక తగిలితే కెవ్వుమనేది. ఫ్యాను గాలికి కూడా ఒళ్ళు ముడుచుకునేది. జీవితమంతా బట్టలకు రంగులేసిన మనిషి ఇంట్లో, భార్య ఒంటిమీద బట్ట నిలవని రోజులొచ్చాయి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత దుప్పటి చింపి ఆయనే వదులు చొక్కా కుట్టాడు. అదీ సహించలేదు. రేడియో మూగబోయింది. ఆ ఇంట్లో గడియారం చప్పుడు వినబడుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

వీధి డాక్టరు రోజుకు మూడు బిళ్ళలు రాశాడు. కాస్త నెమ్మదించింది, కాస్తే. రెండు నెలలు చూసి, కూతురు వాళ్ళిద్దరినీ నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రక్తపరీక్షా గుండె పరీక్షా చేయించి కొత్త బిళ్ళ రాసింది.

"ఇందులో రెండు మందులు కలిసే ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు ఒక్కటే. ఇక ఆ పాత బిళ్ళలు మానెయ్యాలి. జలుబుకో నిద్రకో వేరే ఏది వెయ్యాలన్నా ముందు నన్నడగండి."

మాస్టారు తలాడించాడు. అది 'సరే' అనుకుంది డాక్టరమ్మ. పాపం, ఆవిడకు ఆయన సంగతేం తెలుసు!

ఇంటికొచ్చాక ఆయన లెక్క వేరు. పాత బిళ్ళతో కాస్తయినా తగ్గిందా? తగ్గింది. అయితే అదే పునాది. పునాది పారబోసి కొత్తరంగు ఎక్కించే తెలివితక్కువవాడెవడైనా ఉంటాడా? తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కాబట్టి పూటకొకటి చొప్పున పాతవి మూడూ నడిచాయి, రాత్రికి కొత్తది తోడయింది. అయిపోతే పాత కాగితం చూపించి మళ్ళీ కొనుక్కొచ్చాడు. జేబులో పెట్టుకుని, వేళకు దుకాణం నుంచి నడిచి వచ్చి, తన చేత్తోనే ఇచ్చేవాడు. ఆవిడ ఏమిటీ ఎందుకూ అని అడిగేది కాదు. ఆయన అరచేతిలో ఉన్నది మింగేది.

చెప్పొద్దూ, గుణం కనిపించింది. వారం తిరక్కముందే ఆవిడ రవిక తొడుక్కుని, గోడకు చేరబడి, పక్కింటావిడకు మూడు నెలల బకాయి కబుర్లన్నీ ఏకబిగిన చెప్పేసింది. మాస్టారు గుమ్మంలో నిలబడి వింటూ కళ్ళు తుడుచుకున్నాడు. మధ్యలో ఆవిడకు తుమ్ములు పట్టుకుంటే, ఇంట్లో ఉన్న జలుబు సిరప్ కూడా రోజూ రెండు మూతలు పొయ్యడం మొదలుపెట్టాడు. ఇంకొంచెం తగ్గితే చాలు, ఇంకొంచెం.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, రెండో వారంలో సరిగ్గా అదే మొదలైంది. ఆవిడ పగలంతా మగతగా పడుకునేది. లేస్తే గోడ పట్టుకుని నడిచేది. నోరు పిడచకట్టుకుపోయి మాట ముద్దగా వచ్చేది. చెప్పిన మాటే మళ్ళీ చెప్పి, సగంలో ఆగిపోయి, "ఏం చెప్తున్నాను?" అనేది. ఒకరోజు పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పొయ్యి ఎదురుగానే నిలబడి నిద్రపోయింది. కూతురు సమయానికి వచ్చింది కాబట్టి సరిపోయింది.

"మా అత్తగారికీ ఇలాగే మొదలైంది నాన్నా" అంది కూతురు, వంటింట్లో గొంతు తగ్గించి. "ముందు మాట తడబడింది. తర్వాత మనుషుల్నే మర్చిపోయింది. అమ్మని ఒంటరిగా వదలకు."

ఆ మర్నాడు మధ్యాహ్నం మాస్టారు బిళ్ళ ఇవ్వడానికి వచ్చేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. ఒక్కో మాటా కూడబలుక్కుని అడిగింది.

"ఏమండీ, నాకు మతి పోతోందా?"

"ఛ! ఏం మాటలవి?"

"పోతుంటే పోతోందని చెప్పండి. నాకేం కోపం లేదు. పూర్తిగా పోకముందు అమ్మాయికి చెప్పాల్సినవి నాలుగు మాటలున్నాయి."

ఆయనకు అప్పుడు తట్టింది ఒక అనుమానం, లోపలెక్కడో. జేబులోని బిళ్ళలు గుండెకు తగులుతున్నాయి. ఇదేనా? ఛ, మంట తగ్గించిన మందు మతి ఎందుకు తీస్తుంది? అనుమానాన్ని అక్కడే నొక్కేశాడు.

"పిచ్చిదానా, అలాంటిదేం లేదు" అని బిళ్ళ తీసి అరచేతిలో పెట్టాడు. ఆవిడ మింగింది.

రెండు రోజులకు స్నానాల గది గడప దగ్గర ఆవిడ తూలి పడింది. ఎముక విరగలేదు, అదే పదివేలు. కూతురు ఆటో పిలిచి ఇద్దర్నీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ ఆవిడ కళ్ళలోకి లైటు వేసి చూసింది, నడిపించింది, వంద నుంచి ఏడేసి తీసేస్తూ లెక్క చెప్పమంది. ఆవిడ తొంభై మూడు దగ్గరే ఆగి, తప్పు చేసిన పిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూడలేక మాస్టారు గోడమీద క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"లేదు మేడమ్, మీరు రాసిందే" అంది కూతురు.

డాక్టరమ్మ పెన్ను మూసింది. "ఆ ఒక్క బిళ్ళకే ఇంత మగత వస్తోందంటే ఈవిడకు అది పడలేదన్నమాట. మెల్లగా ఆపేద్దాం. మెదడు స్కాను తీయించి, మతిమరుపు చూసే డాక్టరుకు రాసిస్తాను."

"ఆపకండి డాక్టరమ్మా." ముద్దమాటతోనే ఆవిడ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "మతి పోతే పోనీండి. ఒంటిమీద బట్ట నిలుస్తోంది. మళ్ళీ ఆ మంట నావల్ల కాదు."

డాక్టరమ్మ మాస్టారి వైపు తిరిగింది.

"మీరే కదా మందులిచ్చేది? కాస్త గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఈ బిళ్ళకు ముందు ఏమున్నాయి, దీంతో పాటు ఇంకేం కలిపారు?"

మాస్టారికి మింగలేక కక్కలేక అయింది. ఎదురుగా బల్ల, బల్ల వెనక అడిగే మనిషి, ఇవతల పాడైన బట్ట పట్టుకుని తను. 'అబ్బే, ఏమీ లేదండీ' అన్న మాట నాలుక చివరికి వచ్చింది కూడా. ఎంత తేలికగా వచ్చిందో! ఇన్నేళ్ళూ ఆ మాటన్న ప్రతివాళ్ళనూ తిట్టిపోశాడు. వాళ్ళది మోసం కాదనీ సిగ్గనీ ఇప్పుడు తెలిసింది.

చొక్కా జేబులోంచి పాత బిళ్ళల అట్ట తీసి బల్లమీద పెట్టాడు. పక్కన, అలవాటు కొద్దీ సిరప్ పేరు రాసి పెట్టుకున్న కాగితం ముక్క పెట్టాడు.

"ఇవి రోజుకు మూడు. మీరు వద్దన్నారు. నేనే మానలేదు. ఈ సిరప్ పది రోజులుగా."

"నాన్నా!" అంది కూతురు.

డాక్టరమ్మ అరవలేదు. అట్ట తిప్పి వెనక ఉన్న చిన్న అక్షరాలు చూపించింది. కొత్త అట్ట కూడా తిప్పి పక్కన పెట్టింది. "పైన పేర్లు వేరు. లోపల చూడండి. ఈ మందే ఇందులోనూ ఉంది."

మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని రెండూ చదివాడు.

"ఆకుపచ్చలో నీలం ముందే ఉంది" అన్నాడు. "నేను పూటపూటకీ నీలం పోస్తూ వచ్చాను."

"అంతే. పైగా ఈ సిరప్ మగతను ఇంకా పెంచింది. ఇది ఇవాళే మానెయ్యండి. పాత బిళ్ళలు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, ఒళ్ళు తట్టుకోదు. మధ్యాహ్నంది ఇవాళ్టి నుంచి తీసెయ్యండి, మిగతావి ఎలా తగ్గించాలో రాసిస్తాను. కొత్తది రాత్రి ఒక్కటే. ఒక రాత్రి మర్చిపోతే మర్నాడు రెండు వెయ్యకండి. కిడ్నీల కోసం రక్తపరీక్ష మళ్ళీ చేద్దాం. మంచం మీంచి లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవాలి, పక్కన మనిషుండాలి. ఊపిరి బరువైనా, గుండె దడగా ఉన్నా, పిలిస్తే పలక్కపోయినా వెంటనే తీసుకురండి. స్కాను సంగతి ఇవి తగ్గాక చూద్దాం." ఆగి, మెల్లగా అంది. "చెప్పారు, మంచి పని చేశారు. చాలామంది చెప్పరు."

నెల తిరిగేసరికి స్కాను అవసరమే లేకపోయింది. మంట పూర్తిగా పోలేదు, చల్లగాలికి చురుక్కుమంటూనే ఉంది. కానీ రవిక నిలిచింది, మాట తేరింది. కూతురు ఫోనులో అడిగితే వంద నుంచి ఏడేసి తీసుకుంటూ రెండు దాకా గడగడా చెప్పి, "ఇంక తియ్యడానికేం లేదే, ఇంకో వంద ఇవ్వు" అంది.

ఆ సాయంత్రం మాస్టారు మందుల డబ్బాకు చీటీ కడుతున్నాడు. ఏ బిళ్ళలో ఏమేం ఉన్నాయో, ఏది ఎప్పుడో, ఏది ఎప్పుడు మానేశారో, గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆవిడ పక్కన కూర్చుని చూస్తోంది. చాలాసేపు మాట్లాడలేదు. రేడియో అలా ఉండటమే ఆయనకు గుబులు పుట్టించింది.

"ఒక్కమాట అడుగుతాను" అంది చివరికి. "నాకు మతి పోతోందా అని అడిగాను చూడండి. అప్పుడు మీకు అనుమానం వచ్చిందా?"

ఆయన పెన్ను ఆగింది. "వచ్చింది."

"వచ్చాకే ఆ బిళ్ళ నా చేతిలో పెట్టారా?"

"అవును."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "రెండు రాత్రులు అమ్మాయి పేరూ మీ పేరూ లోపల్లోపల అనుకుంటూ పడుకున్నానండీ, మర్చిపోతానేమోనని."

ఆవిడ డబ్బాను ఆయన ముందుకు జరిపింది.

"అందులో ఏం కలిపితే అది రాయాలంటారుగా. అదీ రాయండి."

ఆయన రాశాడు. అనుమానం వచ్చింది, చెప్పలేదు. చీటీ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, దీపం దగ్గరికి తీసుకెళ్ళి, ఒకటికి రెండుసార్లు చదివింది. తల అడ్డంగా ఊపింది.

"ఇంకొంచెం" అంది.

మాస్టారు చీటీ తిరగేసి, వెనకవైపు మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.