ఒకే ఫోను, ఇద్దరల్లుళ్ళు

మామగారి ప్రెస్సులోకి కంప్యూటరు తెచ్చిందీ, దాన్ని నడిపే లినక్స్ ఎక్కించిందీ, ఫోను లైను మీద ఇంటర్నెట్ కలిపే మోడెమ్ కూత వినగానే లైను కలిసిందో లేదో చెప్పగలిగేదీ పెద్దల్లుడే. "పెద్దల్లుడుగారూ, ఒకసారిటు రండి" అనే పిలుపు ఏళ్ళ తరబడి అతని సొంత ఆస్తి. రెండో కూతురి పెళ్ళయింది, ఆ ఆస్తికి భాగస్థుడొచ్చి పడ్డాడు. చిన్నల్లుడు వస్తూనే కంప్యూటర్లన్నిటికీ నెట్‌వర్కు కార్డులు బిగించి, వైర్లు లాగి, ఒకదాంట్లో ఫైలు ఇంకోదాంట్లో చూపించాడు. మామగారు మురిసిపోయారు. ఇప్పుడు ప్రింటరు కాగితం మింగినా, ఆఖరికి ఫ్యాను కిర్రుమన్నా "చిన్నల్లుడుగారిని అడుగుదాం" అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దల్లుడి కడుపు భగ్గుమనేది. పైకి మాత్రం "అడగండి, చురుకైన కుర్రాడు" అనేవాడు. పళ్ళు నూరుకుంటూ అనేవాడనుకోండి.

ఆ రోజు ఓ పాఠ్యపుస్తకం పేజీలు సాయంత్రంలోగా పెద్ద ముద్రణాలయానికి మెయిల్లో వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ పని ఇంకొకరి పాలవుతుంది. మోడెమ్ డయల్ చేసింది, కీచుమంది, లైను కలిసింది, అవతలి ఇంటర్నెట్ వాళ్ళు మిషన్‌కి అడ్రసు కూడా ఇచ్చారు. కానీ ఒక్క పేజీ కదిలితే ఒట్టు.

మామగారు వెనకాలే నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. "చిన్నల్లుడుగారికి ఫోన్ చేద్దామా?"

చేద్దామా అట! ప్రెస్సుకున్నది ఒకే ఫోను లైను, అది మోడెమ్ చేతిలో ఉంది. పెద్దల్లుడి బుర్ర చటుక్కున వెలిగింది.

"అమ్మో, ఇప్పుడు లైను తీస్తే మళ్ళీ దొరకదు మావయ్యగారూ. మీరు కూర్చోండి, నేను చూస్తాగా."

పచ్చి అబద్ధం. ఆ పనికిమాలిన కనెక్షన్ పట్టుకుని వేలాడినంతసేపూ తోడల్లుడి గొంతు ఆ గదిలో వినపడదు. అతనికి కావలసిందదే.

మెయిలు అందుకునే అవతలి మిషన్‌ని పేరుతో కాకుండా అంకెలతో పిలిచి చూశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంటే తప్పు పేర్ల దగ్గర కాదు, దారి దగ్గరే. జరిగిందంతా రాసుకునే లాగ్ ఫైలు తెరిస్తే, మోడెమ్‌ని నడిపే డయలప్ ప్రోగ్రాము ఓ ముక్క రాసిపెట్టింది: 'ఇప్పటికే ఒక డిఫాల్ట్ రూటు ఉంది. దాన్ని తీసి కొత్తది పెట్టను.'

ఎటు పోవాలో తెలియని ప్రతిదాన్నీ మిషన్ ఏ దారిన తోలుతుందో, అదీ డిఫాల్ట్ రూటు. ఆ దారి మోడెమ్ వైపు లేదు, చిన్నల్లుడు బిగించిన కార్డు వైపుంది. కార్డు నుంచి ఎక్కడికయ్యా అంటే, అన్ని కంప్యూటర్లకీ ఇంటర్నెట్ పంచడానికి వచ్చే నెల కొందామనుకుంటున్న గేట్‌వే అనే పెట్టె అడ్రసుకి. ఇంకా కొనని పెట్టెకి! చిన్నల్లుడుగారు ముందుచూపుతో రాసిపెట్టేశారన్నమాట. పేజీలన్నీ పొద్దుట్నించీ అటే బయల్దేరుతున్నాయి.

దొరికాడ్రా, అనుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ లాగ్ ముక్క మళ్ళీ చదివాడు. 'ముందున్నదాన్ని తీసి కొత్తది పెట్టను.' ఏడాదిగా మామగారి నోట వినాలని చచ్చిపోతున్న మాట. ఈ డబ్బా అంటోంది, అదీ చిన్నల్లుడి పక్షాన!

ఆ రూటు తీసేసి, లైను తెంచి మళ్ళీ డయల్ చేయొచ్చు. తెంచితే ఫోను ఖాళీ అయిపోదూ? అందుకని తెంచకుండానే పాత రూటుని, మిషన్ ఆపి మళ్ళీ వేస్తే తిరిగొచ్చేదే అయినా, ఆ పూటకి తీసేసి, మోడెమ్ వైపు కొత్తది చేత్తో రాశాడు. పేజీలు ఒక్కొక్కటే కదిలాయి.

"అమ్మయ్య! ఏమైందసలు?" అన్నారు మామగారు.

"అన్నీ వెళ్ళనివ్వండి, తీరిగ్గా చెప్తాను."

తీరిగ్గానే చెప్పదలిచాడు. 'చురుకైన కుర్రాడు' అనే మాట ఎక్కడ వాడాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

ఆఖరి పేజీ వెళ్ళింది. లైను తీశాడో లేదో ఫోను మోగింది. మామగారు అందుకుని, "అయ్యో, పొద్దుట్నించీ చేస్తున్నారా?" అని కాసేపు విని, "చిన్నల్లుడుగారు. మీతోనే మాట్లాడాలట" అంటూ రిసీవరు అందించారు.

"అన్నయ్యా, ఎప్పుడు చేసినా ఎంగేజే! మొన్న మీ మిషన్లో ఓ గేట్‌వే రాశాను. అదుంటే మీ మోడెమ్ పనిచెయ్యదని పొద్దున తట్టింది. తీసేయండి. మావయ్యగారికి మాత్రం చెప్పకండన్నయ్యా. ఆయన అన్నిటికీ నన్నే అడుగుతుంటే భయమేస్తోంది. సగం మీరు చేసిపెట్టింది చూసే చెప్తున్నాను."

మామగారికి చెప్పాల్సిందంతా నాలుక చివర సిద్ధంగా ఉంది.

"ఏమంటున్నారు?" అన్నారు మామగారు.

పెద్దల్లుడు మామగారి వైపు తిరిగాడు. "పేజీలు వెళ్ళాయో లేదో కనుక్కుంటున్నాడు."

మామగారి మొహం వెలిగిపోయింది. "చూశారా! ఎన్నిసార్లు చేశారో పాపం. ఎంత బాధ్యతండీ ఆ అబ్బాయికి!"

పెద్దల్లుడు రిసీవరు చెవికి అదిమిపెట్టుకుని, "విన్నావా?" అన్నాడు.

"విన్నానన్నయ్యా" అంది అవతలి గొంతు, సిగ్గుతో చచ్చిపోతూ.

పెద్దల్లుడు గొంతు బాగా తగ్గించాడు. "రేపు రా. ఫైల్లో నువ్వు రాసిన ముక్క నీ చేత్తోనే తీద్దువుగాని. మావయ్యగారు టీకి వెళ్ళినప్పుడు."