అలాంటి ఉద్యోగి లేరండీ

ఆ కళ్ళజోళ్ళ షాపులో ఆమెను అందరూ అద్దాలక్క అనేవారు. ముందు గదిలో యజమాని ఫ్రేములు అమ్ముతుంటే, వెనక గదిలో ఆమె అద్దాలు అరగదీసి వాటిలో బిగించేది. పదకొండేళ్ళుగా తొమ్మిదిన్నర కొట్టేసరికి మిషను ముందు ఉండేది. ఎప్పుడైనా ఐదు నిమిషాలు ఆలస్యమైతే యజమాని గడియారం వంక చూసేవాడు. ఆ చూపు చాలు, మర్నాడు పావుగంట ముందే వచ్చేది.

కాగితం మీద మాత్రం ఆమె ఉద్యోగి కాదు, స్వతంత్ర కాంట్రాక్టరు. అలా రాసుకుంటే బీమా, పింఛను, సెలవుల గొడవ ఉండదని షాపు లెక్కలు చూసే యజమాని బావమరిది నాలుగేళ్ళ కిందట చెప్పాడు. "మామూలు కాగితమే అక్కా" అని యజమాని సంతకం పెట్టించుకున్నాడు. అతని మీద నమ్మకంతో ఆమె చదవనైనా లేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అద్దాలక్క అసలు పేరు చెప్పి, ఆవిడ మీ దగ్గర ఉద్యోగం చేస్తున్నారా అని ఎవరో అడిగారు. పక్క వీధి బట్టల షాపును కార్మిక శాఖ వాళ్ళు తనిఖీ చేసి అప్పటికి వారం కాలేదు. ఇది వాళ్ళ ఫోనే అనుకున్నాడు యజమాని.

"మా దగ్గర అలాంటి ఉద్యోగి ఎవరూ లేరండీ" అన్నాడు గబగబా. "అప్పుడప్పుడూ కాస్త పని ఇస్తుంటాం, అంతే."

"అలాగా. కింది అంతస్తులో ఇల్లు అద్దెకు అడిగారు, అందుకని కనుక్కుంటున్నాం" అని అవతల ఉన్న ఇళ్ళ ఏజెంటు ఫోన్ పెట్టేశాడు.

తల తిప్పి చూస్తే అద్దాలక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంటివాళ్ళేనా బాబూ?"

"ఆఁ... అదీ..."

"అప్పుడప్పుడూనా?" అంది ఆమె మెల్లగా. చేతిలోని కళ్ళజోడు ట్రేలో పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. రెండు తిట్లు తిట్టి ఉంటే అతనికి కొంచెం ఊపిరి ఆడేది.

ఆమె మా ఉద్యోగే అని ఏజెంటుకు ఉత్తరం రాసిస్తానంటే బావమరిది గయ్యిమన్నాడు. "నీ చేత్తో నువ్వే సాక్ష్యం రాసిస్తావా? నాలుగేళ్ళ బకాయిలూ కక్కిస్తారు!" ఆ భయంతో రెండు రోజులు తాత్సారం చేశాడు. మూడో రోజు మనసు నిలవక ఉత్తరం పట్టుకుని ఏజెంటు దగ్గరికి వెళ్తే, ఇల్లు నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేశామన్నాడు.

ఆ సంగతి అద్దాలక్కకు చెప్పాడు. ఆమె తను సంతకం పెట్టిన పాత కాగితం ఒకసారి చూపించమంది. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది.

"పనివేళలు నా ఇష్టమట."

"అవునక్కా."

"మా ఆయన మోకాలి ఆపరేషన్ రోజు సెలవడిగాను. ఆర్డర్లున్నాయి, సాయంత్రం వెళ్ళమన్నారు."



మర్నాడే యజమాని కార్మిక శాఖ ఆఫీసుకు తనంతట తానే వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు. వాళ్ళు ఆమెనూ పిలిపించారు. పనివేళలు ఎవరు నిర్ణయిస్తారు, మిషను ఎవరిది, వేరే షాపులకు ఎప్పుడైనా పని చేశారా అని అడిగారు. ఆమె ఒక్కటీ పెంచకుండా, ఒక్కటీ దాచకుండా చెప్పింది. ప్రతి జవాబుకూ పక్కన కూర్చున్న అతని తల ఇంకాస్త కిందికి దిగింది. పాత బకాయిలు, వాటి మీద జరిమానా కట్టడానికి కారు అమ్మేశాడు. "చెప్పానా?" అన్నాడు బావమరిది.

కొత్త నియామక పత్రం తనే స్వయంగా ఇద్దామని ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళాడు. ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. రెండో అంతస్తు మలుపులో ఆమె భర్త ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో రెయిలింగు పట్టుకుని, ఆయాసం తీర్చుకుంటున్నాడు. యజమానిని గుర్తుపట్టి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"మీరా బాబూ! అడగకుండానే ఉద్యోగం పర్మనెంటు చేశారట. మీలాంటివాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ?"

ఆమె ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట.

"పట్టుకోండి బాబాయ్" అని యజమాని భుజం ఆనించాడు. ఆయన తన బరువంతా అతని మీద మోపి, దారి పొడుగునా పొగుడుతూ మెట్లెక్కాడు.