గావా మర్యాద

ఇండియాకీ ఒమాన్‌కీ వ్యాపార ఒప్పందం కుదిరిందని టీవీలో చెప్పినప్పుడు మనోహరం సంతోషించాడు. అది తిన్నగా వచ్చి తన నెత్తిమీదే కూర్చుంటుందని అప్పుడు తెలీదు మరి.

ఒమాన్‌లోని ఖురియాత్‌లో చేపల కంపెనీ నడిపే అర్బాబ్, అంటే యజమాని, దగ్గరికి వచ్చినవాళ్ళకి గావా పోయడం అతని డ్యూటీ. యాలకులేసిన ఆ చేదు కాఫీ పోస్తూ రెండేళ్ళు గడిచాయి. తను ఇక్కడికొచ్చిన ఐదు నెలలకి పుట్టిన కొడుకుని ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఇవాళ నాలుగింటికి మస్కట్‌లో విమానం. పన్నెండింటికల్లా బయల్దేరాలి. పాస్‌పోర్టేమో అర్బాబ్ జేబులో ఉంది. అతిథులు లేవగానే ఇస్తా, నా డ్రైవరే దింపుతాడు అన్నాడాయన.

ఆ అతిథులు లేస్తేగా. ఆ ఒప్పందం పుణ్యమా అని భీమవరం నుంచి చేపల బేరానికొచ్చిన గంగాధరంగారు, ఆయన తమ్ముడు. వీళ్ళకి అరబ్బీ రాదు, అర్బాబ్‌కి అరబ్బీ తప్ప ఇంకోటి రాదు. మధ్యలో మాట కలిపే మేనేజర్ ఫజల్‌కి ఇవాళే జ్వరం రావాలా? పదింటి నుంచీ ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటున్నారు, గావా తాగుతున్నారు. రెండు దేశాల సంబంధాలు అంతకుమించి అంగుళం కదల్లేదు.

ఇక్కడి పద్ధతేంటంటే, చాలనుకున్నవాడు ఖాళీ కప్పుని కాస్త అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపనంతసేపూ పోస్తూనే ఉండాలి, మానేస్తే ఇంటాయనకి తలవంపులు. ఆ సంగతి గోదావరి వాళ్ళకేం తెలుసు? పోసింది వదిలెయ్యడం వాళ్ళ దృష్టిలో మహాపరాధం.

"ఇది పదకొండోదిరా. కడుపులో తిప్పేస్తోంది," అన్నాడు గంగాధరం తమ్ముడితో, నవ్వు చెదరకుండా.

"వద్దంటే బాగోదన్నయ్యా. బేరం చెడిపోద్ది."

మనోహరానికి ఒళ్ళు మండిపోయింది. అతిథుల ముందు గావా పోసేవాడు నోరు విప్పకూడదు. గోడ గడియారం చూస్తే పన్నెండుంబావు. వీళ్ళ మర్యాద తగలెయ్య, ఇక చాలనుకున్నాడు.

"కప్పు అటూ ఇటూ ఊపండి బాబూ, ఆపేస్తాను," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

గంగాధరం మొహం వెలిగిపోయింది. కప్పు గబగబా ఊపేసి ఇచ్చాడు. "తెలుగోడివా? ముందే చెప్పొద్దటయ్యా? ఇదిగో, మీ అర్బాబ్‌గారితో ఓ మాట చెప్పు. ఇంకో నాలుగు రోజులుంటాం, మాతో ఉండడానికి నిన్ను పంపమన్నానని."

మనోహరం విమానం పోయినట్టే. అతిథి అడిగితే అర్బాబ్ ప్రాణం పోయినా కాదనడు. ఆ అడిగేదేదో మళ్ళీ తన నోటితోనే అడగాలట, ఖర్మ.

ఏమంటున్నారు అన్నట్టు అర్బాబ్ అతనికేసి చూశాడు.

మనోహరం గొంతు సవరించుకుని అరబ్బీలో చెప్పాడు. "నా విమానానికి వేళైందని తెలిసి బాధపడుతున్నారు అర్బాబ్. నన్ను పంపిస్తేగానీ భోజనం ముట్టరట."

అర్బాబ్ గుండెమీద చెయ్యేసుకుని గంగాధరానికి తల వంచాడు. జేబులోంచి పాస్‌పోర్టు తీసి మనోహరం చేతిలో పెట్టి, డ్రైవర్ని పిలిచాడు.

"ఏమన్నారయ్యా?" అన్నాడు గంగాధరం ఆత్రంగా.

"సరేనన్నారండి," అని మనోహరం కూజా కింద పెట్టి, బ్యాగు తీసుకున్నాడు.